చేపల పెట్టెకు ఉన్ని మెత్త

పెళ్లయి కావలిలో అత్తగారింట్లో అడుగుపెట్టినప్పుడు నాకు ఒక వాసన తగిలింది. తడిసిన కుక్క ఎండలో ఆరుతున్నట్టు ఉంది, కొంచెం పాత నెయ్యిలాగా కూడా ఉంది. మాది ఆత్మకూరు పక్క పల్లె. వరి పొలం, రెండు గేదెలు. పశువుల పాక వాసన నాకు కొత్త కాదు. ఇదేమిటో మాత్రం అర్థం కాలేదు. కొత్త పెళ్లికూతురిని కదా, అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాను.

మరునాడు పొద్దున పెరట్లోకి వెళితే ఇంటికి ఆనుకుని రేకుల గోడౌను కనిపించింది. తలుపు తీసి ఉంది. లోపల గొర్రె ఉన్ని బస్తాలు, నేల నుంచి దూలాల దాకా. బస్తాల కుట్ల సందుల్లోంచి నల్లటి ఉన్ని, గోధుమ రంగు ఉన్ని బయటికి పొడుచుకు వచ్చింది. మా మామగారు నేల మీద చాప వేసుకుని, ముందు ఒక కుప్ప పోసుకుని, దాన్ని చేత్తో విడదీస్తూ కూర్చున్నారు. నన్ను చూసి, "వాసనకు రెండు రోజులు తలనొప్పి వస్తాదమ్మాయ్, ఆ తర్వాత తెలవదు" అన్నారు. ఆయన చెప్పినట్టే వారం తిరక్కుండా ఆ వాసన నాకు తెలియడం మానేసింది. మా అమ్మ చూడ్డానికి వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, ఎందుకా అని ఆశ్చర్యపోయాను.

అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను. మా ఆయన ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఉన్ని వ్యాపారం మామగారిదే. ఎండాకాలం ముందు, మళ్లీ వానలు తగ్గాక గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తారు. ఆ రోజుల్లో ఆయన బస్సెక్కి ఉదయగిరి, సీతారామపురం, ఆ కొండలు దాటి కడప వైపు పల్లెలకు వెళ్లి గొర్రెల కాపరుల దగ్గర ఉన్ని కొనేవారు. లారీలో ఇంటికి తెచ్చి, రంగుల వారీగా ఏరి, గట్టిగా తొక్కించి కట్టలు కట్టి, రైల్లో ఉత్తరాదికి పంపేవారు. అక్కడ దానితో తివాచీలు, కంబళ్లు చేసేవాళ్లు. కాపరులు దాన్ని బొచ్చు అంటారు. ఆ మాట ఊళ్లో తిట్టు కింద కూడా నడుస్తుంది కాబట్టి మామగారు ఇంట్లో ఆడవాళ్ల ముందు ఎప్పుడూ ఉన్ని అనే అనేవారు.

నేను వచ్చిన కొన్నేళ్లకు వ్యాపారం పడిపోయింది. సరుకు కొనే ఉత్తరాది సేటు మొదట సగం సరుకు చాలన్నాడు. తర్వాత ఫోను తీయడం తగ్గించాడు. ఒకరోజు తీశాడు. మామగారు వచ్చీరాని హిందీలో చాలాసేపు మాట్లాడి, ఫోను బల్ల మీద పెట్టి, అక్కడే కూర్చున్నారు. నేను మజ్జిగ తెచ్చిస్తే అప్పుడు చెప్పారు.

"తివాచీలకు బయటి దేశాల నుంచి తెల్ల ఉన్ని వస్తా ఉండాదంట. ఏ రంగు కావాలంటే ఆ రంగు అద్దుకోవచ్చంట. కంబళ్లకు ప్లాస్టిక్ నూలంట. మన నల్ల ఉన్ని ఎవరికీ వద్దంట."

"మరి ఇక్కడ ఉన్నదంతా మామా?"

"ఉండనీ" అన్నారు.

సేటు వద్దన్నాడని గొర్రెలకు ఉన్ని పెరగడం ఆగదు. ఎండలు ముదిరేలోపు కత్తిరించకపోతే జీవాలు మేత మానేస్తాయి, ఒంటికి పిడుదు పురుగులు పడతాయి. కత్తిరించిన ఉన్నిని కొందరు కాపరులు వాగుల్లో పారేయడం మొదలుపెట్టారు. ఒక పెద్దవయసు కాపరి మాత్రం ఉదయగిరి అవతలి నుంచి బస్సు మీద మూటలు వేసుకుని ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చేవాడు. మామగారు తీసుకుని ఎంతో కొంత ఇచ్చి, అన్నం పెట్టించి పంపేవారు. మా ఆయనకు ఇది నచ్చేది కాదు.

"ఇంక తీసుకోవద్దు నాయనా. పెట్టేదానికి చోటేదీ?"

"అంత దూరం నుంచి మోసుకొచ్చిన మనిషిని, ఎనక్కి తీసుకపొమ్మని ఎట్టా చెప్పేదిరా?"

అప్పటికే పురుగు పట్టకుండా బస్తాల మధ్య వేపాకు, కలరా ఉండలు వేయడం నా పనిగా మారింది. ఆన్‌లైన్ పార్సిళ్లు పంచే కొరియర్ కంపెనీవాళ్లు గోడౌను అద్దెకు అడిగారు. రోడ్డు పక్కన ఉంది, ఆటోలు లోపలికి వస్తాయి, వాళ్లకు బాగా పనికొస్తుంది. మా ఆయన ఆ సంగతి ఎత్తినప్పుడల్లా మామగారు ఔననేవారు కాదు, కాదనేవారు కాదు. లేచి వెళ్లి బస్తాలు సర్దేవారు.

కొరియర్‌వాళ్లు అడిగిన ఆ ఎండాకాలంలోనే చేపలక్క సంగతి జరిగింది.

ఆమెది తుమ్మలపెంట వైపు సముద్రం ఒడ్డు పల్లె. తెల్లవారకముందే ఒడ్డున చేపలు కొని, నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని కావలి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో వీధి. మా వీధి ఈమెది. ఐసు వేసిన థర్మకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని, "చేపలో" అని కేక వేయకుండా, గేటు గొళ్లెం చప్పుడు చేసి నిలబడేది. మాట కూడా నెమ్మది. నన్ను పాపా అని పిలిచేది. ఆ రోజు పెట్టె మూత ఆటోలో ఎవరి కాలి కిందో పడి ముక్కలైపోయింది.

"పాపా, గోనె సంచి ఉంటే ఒకటి ఇయ్యి. పైన కప్పుకుంటా. వచ్చేటప్పుడు మళ్లా ఇస్తాలే."

గోడౌనులోకి వెళ్లి చూస్తే ఖాళీ సంచి ఒక్కటీ లేదు. అన్నిటి నిండా ఉన్నే. ఒక చిన్న సంచిలో అడుగున కాస్త ఉన్ని ఉంటే, దాన్ని పలచగా పరిచి మూతి కట్టేసి, తెచ్చి పెట్టె మీద పెట్టాను. ఆమె చేత్తో అదిమి చూసి, "బరువు లేదు, బాగుండాది" అని వెళ్లిపోయింది.

మళ్లీ మా వీధికి వచ్చినప్పుడు చేపలు దించకముందే అడిగింది.

"ఆ సంచిలో ఏం పెట్టినావు పాపా?"

"గొర్రె ఉన్ని అక్కా. ఏం, చేపకు వాసన పట్టిందా?"

"వాసన సంగతి ఇడిచిపెట్టు. మద్దేనం దాకా తిరిగినా ఐసు కరగలా. ఆటోలో అందరి ఐసూ నీళ్లయిపోయినాది. నాది మాత్రం గడ్డలు గడ్డలుగా ఉండాది. ఇంటికి పొయ్యి మా ఆయనకు చూపిస్తే నమ్మలా. దార్లో మళ్లా ఐసు కొన్నావా అని అడిగినాడు."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర చెప్పాను. మా ఆయన ఆశ్చర్యపోలేదు. ఉన్ని వేడి పుట్టించదని, దాని సందుల్లో ఉండే గాలి వేడిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోనివ్వదని చెప్పాడు. కంబళి లోపల మనిషి ఉంటే మనిషి వెచ్చదనం బయటికి పోదు, ఐసు ఉంటే బయటి ఎండ లోపలికి రాదు, అంతే అన్నాడు. నాకది చాలా కొత్తగా అనిపించింది. అన్ని వేల గొర్రెల ఉన్ని మధ్య అన్నేళ్లు బతుకుతూ ఆ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. మామగారు కంచంలోంచి తలెత్తకుండా, "కంబళి చలికి కదమ్మాయ్" అన్నారు. 

ఫోనులో వెతికితే, కొన్ని దేశాల్లో మందులు, మాంసం, చేపలు పంపే పెట్టెలకు లోపల ఉన్ని పొర వేస్తున్నారని తెలిసింది. థర్మకోల్ మానేయడానికి అలా చేస్తున్నారట. వీడియోలో తెల్లటి, మెత్తటి ఉన్ని పలకలు యంత్రంలోంచి చుట్టలు చుట్టుకుంటూ వస్తున్నాయి. మా గోడౌనులో ఉన్నది నల్లది, జిడ్డుది, ముళ్లకాయలు అంటుకున్నది. అయినా ఉన్ని ఉన్నే కదా అనుకున్నాను.

మొదట కడగాలి. బోరు నీళ్లు తొట్టెల్లో పట్టి సబ్బు పొడి వేసి నానబెడితే నీళ్లు నల్లగా, తేనెలా చిక్కగా దిగాయి. ఎన్నిసార్లు మార్చినా జిడ్డు వదల్లేదు. గోరువెచ్చటి నీళ్లయితే వదిలింది. డాబా మీద ఆరబెట్టి గాలికి పోకుండా పైన పాత దోమతెర కప్పాను. పక్కింటివాళ్లు వాసన వస్తోందని మా ఆయనకు చెప్పారు. ఆరిన ఉన్నిని దూదిలా ఏకించడానికి పరుపులు కుట్టే షాపాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దూది మిషనులో ఒక్క గుప్పెడు వేయగానే ఉన్ని పళ్లకు చుట్టుకుపోయి మిషను ఆగిపోయింది. పాపం, ఆయన కొక్కెం తీసుకుని దాన్ని పీకుతూ కూర్చున్నాడు. "అక్కా, ఇంకోసారి దీన్ని నా షాపులోకి తేవద్దు" అని మర్యాదగానే చెప్పాడు. ఇక చేత్తోనే విడదీయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు వీధిలోని ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వచ్చేవారు. విడదీసిన ఉన్నిని బియ్యం సంచుల గుడ్డ మధ్య పరిచి, బొంత కుట్టినట్టు మిషను మీద గళ్లు గళ్లుగా కుట్టాను. పెట్టె లోపల అడుక్కి ఒకటి, నాలుగు పక్కలకు నాలుగు, పైకి ఒకటి. చేపలక్క వాటిని చూసి మెత్తలు అంది. అప్పటి నుంచి వాటి పేరు మెత్తలే.

మొదటి జత ఆమెకే ఇచ్చాను. ఊరికే తీసుకోనంది. ఆ నెలంతా మాకు కానాగంతలు, సందువలు, ఒకసారి పెద్ద వంజరం ముక్క ఇచ్చింది. ఆమె ఆటోలో వచ్చే మిగతా వాళ్లూ అడిగారు. వాళ్లకూ కుట్టాను. పెద్ద బస్తా ఒకటి ఖాళీ అయింది. ఖాళీ సంచిని మడతపెట్టి గోడకు ఆనించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మామగారు మాత్రం ఆ రోజుల్లో గోడౌనులోకి రావడం తగ్గించారు. కోపం ఏమీ చూపించలేదు. నేను ఉన్ని విడదీస్తుంటే అటువైపు చూడకుండా పెరట్లోంచి వెళ్లిపోయేవారు, అంతే.

ఒకరోజు చేపలక్క గేటు చప్పుడు చేయకుండానే లోపలికి వచ్చి మెత్తలన్నీ అరుగు మీద పెట్టింది.

"ఇయ్యిగో పాపా. నాకొద్దు."

"ఏమైందక్కా?"

"హోటల్లో పులుసులో వెంటిక వచ్చినాదంట."

ఊళ్లో ఒక భోజన హోటలుకు ఆమె ఎన్నో ఏళ్లుగా చేపలు ఇస్తోంది. వీధుల్లో అమ్మేదానికంటే ఆ హోటలే ఆమెకు ఆధారం. తినేవాళ్లెవరో కంచంలోంచి నల్లటి వెంట్రుక తీసి చూపించారట. హోటలాయన ఈమెను పిలిపించి అందరి ముందూ అన్నాడట.

"నా తల ముడి ఇప్పి చూపించమన్నాడు. నాది నెరిసిన తలయ్యా, అదేమో నల్లది అని చెప్పినా. వినలా. ఇంగ రావద్దన్నాడు. అది నా వెంటిక కాదని నాకు తెలుసు. మెత్త చూసినా. గుడ్డ మీద ముళ్లు మాదిరి లేచి ఉండాయి."

నేను మెత్త మీద చెయ్యి వేసి చూశాను. సూది పోయిన ప్రతి చిల్లులోంచీ బిరుసు వెంట్రుకలు బయటికి వచ్చి ఉన్నాయి.  కొత్తవి కుట్టిస్తానని చెప్పబోయాను. ఆమె వద్దని తల ఊపింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా పెట్టె నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. తర్వాత మా వీధికి రావడం మానేసింది. మిగతా ఆడవాళ్లు కూడా మెత్తలు తిరిగి పంపించేశారు.

మా ఆయన నన్ను ఏమీ అనలేదు గానీ, కొరియర్‌వాళ్లు మళ్లీ ఫోను చేశారని చెప్పాడు. సరే, ఇచ్చేద్దాం అన్నాను. అప్పటికి నిజంగానే ఇచ్చేద్దామనుకున్నాను.

మరునాడు వంట ముగించి పెరట్లోకి వస్తే మామగారు గోడౌను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఒక మెత్తను బ్లేడుతో కోసి, లోపలి ఉన్నిని ఒడిలో పరుచుకుని చూస్తున్నారు.

"దీంట్లో కాళ్ల ఉన్ని కలిసిందమ్మాయ్."

"అన్నీ కలిపినాను మామా. ఐసుకు ఏదైనా ఒకటే కదా అని."

"ఐసుకు ఒకటే. గుడ్డకు ఒకటి కాదు. కాళ్లది, పొట్టది బిరుసు. నిలబడి పొడుస్తాది. వీపుది ఒకదాన్నొకటి పట్టుకుని పడుకుంటాది." ఒడిలోని ఉన్నిని వేళ్లతో విడదీశారు. "ముందే చెప్పి ఉండొచ్చు నేను. మనుషులు కప్పుకునేదానికని పంపినాను ఇన్నాళ్లు. చేపల కింద పరిచేదానికంటే మనసు ఒప్పలా. అందుకని అటు చూడలా."

 ఆయన ఉన్నిని మళ్లీ మెత్తలో కుక్కి లేచారు.

"ఆమెను అందరి ముందరా తల ఇప్పమన్నాడా?"

"ఔను మామా."

"అయితే మనం పొయ్యి చెప్పాల. చొక్కా మార్చుకుని వస్తా, నువ్వూ రా."

ఇద్దరం కలిసి హోటలుకు వెళ్లాం. భోజనాల వేళ ఇంకా మొదలు కాలేదు. హోటలాయన గల్లాపెట్టె దగ్గర అరటాకులు లెక్క చూసుకుంటున్నాడు. మామగారు జేబులోంచి చిటికెడు ఉన్ని తీసి ఆయన ముందు పెట్టారు.

"ఆ రోజు పులుసులో వచ్చింది ఇదే చూడండి. గొర్రె ఉన్ని. మా ఇంట్లో కుట్టిన మెత్తలోంచి వచ్చినాది. ఆ చేపలామె వెంటిక కాదు."

హోటలాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "గొర్రెదైతే మాత్రం తినొచ్చా పెద్దాయనా?"

"తినకూడదు. తప్పు మాది. అది చెప్పేదానికే వచ్చినాం. ఆమె దగ్గర చేపలు తీసుకోండి. మా మెత్తలు వాడమని అడగం."

ఆయన ఆలోచించాడు. చెడ్డ మనిషి కాదు. ఆ రోజు కంచం ముందు కూర్చున్న వాళ్లు అరిస్తే తనూ అరిచాడు. "ఆమె చేప బాగుంటాది. రమ్మని చెప్పండి" అన్నాడు. తల విప్పమన్న సంగతి ఆయనా ఎత్తలేదు, మామగారూ ఎత్తలేదు. నేనే, "ఆ రోజు తల విప్పమన్నందుకు మీరే ఆమెతో ఒక మాట చెప్తే బాగుంటుంది" అన్నాను. ఆయన గల్లాపెట్టె వైపు చూస్తూ, "చెప్తాలేమ్మా" అన్నాడు.

అక్కడి నుంచి అలాగే ఆటో ఎక్కి సముద్రం ఒడ్డుకు వెళ్లాం. మామగారు అన్నేళ్లు కావలిలో ఉండి ఆ పల్లెలోకి ఎప్పుడూ వెళ్లలేదు. స్నానాలకు వెళ్లినవాళ్లు చూసే సముద్రం వేరు, ఆ ఇళ్ల మధ్య నుంచి కనిపించే సముద్రం వేరు. వీధంతా వలలు, ఎండుతున్న నెత్తళ్లు. చేపలక్క ఇంటి ముందు నీలం టార్పాలిన్ పట్ట నీడలో ఆమె భర్త వల బాగు చేస్తున్నాడు. ఆమె క్రేట్లు కడుగుతోంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని నిలబడింది.

హోటల్లో జరిగింది చెప్పాను. ఆమె వింటూ మామగారి వైపు చూసింది.

"మీరు పొయ్యి చెప్పినారా అయ్యా?"

"మా వల్ల వచ్చిన మాట కదమ్మా."

ఆమె లోపలికి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. అప్పుడు చెప్పింది, కోపం మా మీద కాదని. పదిమందిలో తల మీద చెయ్యి వేసుకుని నిలబడాల్సి వచ్చిందని, మెత్త కంటపడితే అదే గుర్తొస్తుందని. అసలు నా మెత్తల్లో ఏం బాగలేదో కూడా చెప్పింది. బియ్యం సంచుల మీద అచ్చు బొమ్మలుంటాయి, మురికేదో అచ్చేదో తెలియదు. తెల్లగా ఉండాలి, కడిగితే కడిగినట్టు కనపడాలి. గుడ్డలోకి చేప నీళ్లు దిగితే మూడో రోజుకు పెట్టె దగ్గరికి పోలేం. ఆమె భర్త వల పక్కన పెట్టాడు. పైనున్న నీలం పట్ట అంచు పట్టుకుని చూపించాడు.

"దీనికి కుట్టు లేదు చూడు. కాల్చి అతికించినారు. కుట్టితే నీళ్లు దిగతాయి. మీరు కుట్టొద్దు, అతికించండి."

ఆ మాటతో మామగారు ఆయన పక్కన ఇసుకలోనే కూర్చున్నారు. పట్ట ఎక్కడ దొరుకుతుంది, ఎంత మందం, ఎండకు ఎన్నాళ్లు ఆగుతుంది అని అడగడం మొదలుపెట్టారు. మాట మాట మీద వ్యాపారాల్లోకి వెళ్లింది. ఎక్కడో కూర్చున్నవాడు ఫోనులో రేటు చెబితే ఇక్కడ వల లాగినవాడు ఒప్పుకోవాలని చేపలక్క భర్త అన్నాడు. మామగారు తన సేటు సంగతి చెప్పారు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మామగారు ఒక పరాయి మనిషితో అంతసేపు మాట్లాడటం అంతకుముందు నేను చూడలేదు. వచ్చేటప్పుడు దారిలో నాతో, "సముద్రం మీద పొయ్యేవాళ్ల కష్టం మనకు తెలవదమ్మాయ్" అన్నారు.

గోడౌను కొరియర్‌వాళ్లకు ఇవ్వలేదు. మిక్చరు పొట్లాలు అతికించే మిషను లాంటిదే, కొంచెం పెద్దది, నెల్లూరు నుంచి తెప్పించాం. వీపు ఉన్నిని మామగారు ఏరుతారు. దాన్ని ముందు పలచటి నూలు గుడ్డలో పరిచి, ఆ పైన తెల్లటి మందపాటి పట్టలో పెట్టి అంచులు అతికిస్తాం. కొత్త మెత్తల మొదటి జత చేపలక్కకు ఇవ్వడానికి భయపడ్డాను. మామగారే తీసుకెళ్లి ఇచ్చారు. ఆమె దాన్ని తిరగేసి, బోర్లించి, చేత్తో నాలుగు వైపులా తడిమి, "చూద్దాం" అంది. తర్వాత హోటలు నుంచి ఫిర్యాదు రాలేదు. హోటలాయన ఆమెతో ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో నేను అడగలేదు. చేపలు మాత్రం తీసుకుంటున్నాడు.

ఇది పెద్ద కంపెనీ అయిందని చెప్పడానికి లేదు. ఇప్పుడు గోడౌనులో కొందరు ఆడవాళ్లు పని చేస్తున్నారు. ఒడ్డు పల్లెల చేపలవాళ్లు, రైల్లో చెన్నైకి పీతలు పంపేవాళ్లు, నెల్లూరులో ఇన్సులిన్ ఇళ్లకు చేర్చే ఒక మందుల షాపు మా దగ్గర తీసుకుంటారు. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీవాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. కానీ వాళ్లకు ల్యాబు పరీక్షల కాగితాలు కావాలి, ప్రతి మెత్తా ఒకే మందం ఉండాలి. చేత్తో పరిచేది అలా రాదు. ఆ బేరం పోయింది. వానాకాలంలో ఉన్ని ఆరదు, పని సగానికి పడిపోతుంది. ఒక ఏడాది ఎలుకలు దూరి తయారైన సరుకంతా కొరికేశాయి. కాళ్ల ఉన్ని, పొట్ట ఉన్ని మిగిలిపోతే గూడూరు వైపు నిమ్మ మొక్కల నర్సరీ ఆయన తీసుకెళుతున్నాడు. మొక్క మొదట్లో పరిస్తే నేల తొందరగా ఆరదట.

నేను అనుకోనిది ఏమిటంటే, ఒకరోజు గోడౌను ఖాళీ అయింది. నేల కనిపించింది. పాత సరుకంతా అయిపోయింది. అప్పుడే గుర్తొచ్చింది, పెద్ద కాపరి వచ్చి చాలా కాలమైందని. మామగారు ఆయనకు ఫోను చేస్తే నంబరు పని చేయలేదు. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

ఉదయగిరి దాటాక మరో బస్సు మారి, కొంత దూరం నడిచి ఆ పల్లె చేరాం. కాపరి ఇంటి దగ్గరే ఉన్నాడు. కంచె లోపల గొర్రెలున్నాయి, పొడుగ్గా, తెల్లగా, నున్నగా. ఒంటి మీద ఉన్ని లేదు. మేక వెంట్రుకల్లాంటి పొట్టి వెంట్రుకలు. మా నెల్లూరు జిల్లా పేరుతోనే పిలిచే జాతి. మామగారు వాటిని చూస్తూ నిలబడిపోయారు.

"నల్ల జీవాలేవి?"

"అమ్మేసినా అయ్యా. ఇయ్యి కాటాకు బాగా తూగతాయి. కత్తిరించే పని లేదు."

"నాతో ఒక్క మాట చెప్పలేదే."

కాపరి తలపాగా తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "ఏమని చెప్పేది? ఎవరూ తీసుకోకపోయినా మీరొక్కరే తీసుకుంటా వచ్చినారు. మీ గోడౌనులో అట్టే ఉండిపోతా ఉండాదని మీ ఊరొచ్చినప్పుడల్లా కంటితో చూసినా. అన్నం పెట్టి పంపేవోళ్లు. మోసుకొచ్చేదానికి నాకే సిగ్గేసినాది. ఆ జీవాలే లేకపోతే ఆ బాధ మీకూ ఉండదు, నాకూ ఉండదనుకున్నా."

మామగారు కంచె పక్కన కూర్చున్నారు. తర్వాత ఇప్పుడు ఉన్ని దేనికి పనికొస్తోందో నెమ్మదిగా చెప్పారు. ఐసు సంగతి విని కాపరి నవ్వాడు. నమ్మినట్టు లేదు. కానీ కొండ అవతల తన మేనల్లుడి దగ్గర ఇంకా నల్ల జీవాలున్నాయని చెప్పి, మాతో పాటు వచ్చి చూపించాడు. ఆ మేనల్లుడు కూడా సగం మంద మార్చేసి ఉన్నాడు. మిగతా సగాన్ని ఉంచుకుంటానని, ఉన్నికి ముందే రేటు మాట్లాడుకుందామని అన్నాడు. మందను మళ్లీ పెంచమని మామగారు అతన్ని అడుగుతారనుకున్నాను. అడగలేదు. తిరుగు బస్సులో అదే అంటే, "వాళ్ల జీవాలు వాళ్లు బతికేదానికమ్మాయ్. మన గోడౌను నింపేదానికి కాదు" అన్నారు.

ఆ మాట సరైనదే. అయినా నాకు దిగులుగానే ఉంటుంది. ఉన్ని ఎవరికీ అక్కర్లేని రోజుల్లో గోడౌను నిండా ఉంది. కావాల్సి వచ్చేసరికి గొర్రెలు మారిపోయాయి. ఇప్పుడు అనంతపురం వైపు నుంచి కొంత తెప్పిస్తున్నాను. రవాణాకే చాలా పోతుంది. ఎన్నేళ్లు నడుస్తుందో నాకు తెలియదు. మా ఆయన, ఉన్ని దొరక్కపోతే ఇంకేదైనా నార వాడొచ్చని కొబ్బరి పీచుతో ఏవో ప్రయత్నాలు చేస్తున్నాడు. దానికి నేను అడ్డు చెప్పడం లేదు.

మొన్న ఉన్ని కత్తిరించే కాలానికి మామగారు బస్సెక్కలేకపోయారు. మోకాళ్లు సహకరించడం లేదు. నేనొక్కదాన్నే వెళ్లాను. కాపరి మేనల్లుడు మూటలు సిద్ధం చేసి పెట్టాడు. లారీకి ఎక్కించబోతుంటే మామగారి ఫోను.

"పైపైన చూడొద్దమ్మాయ్. మూట నడిమికి చెయ్యి పెట్టి చూడు. పైన ఆరి ఉంటాది, లోపల తడి ఉంటాది. తడిది కట్టితే దార్లోనే కుళ్లిపోతాది."

ఫోను భుజానికి నొక్కిపెట్టుకుని, ఒక్కో మూట విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. వేళ్లకు జిడ్డు తగిలింది. ముళ్లకాయ ఒకటి గుచ్చుకుంది.

"పొడిగా ఉండాదా?"

"ఉండాది మామా. ఒక్కటి మాత్రం చెమ్మగా ఉంది."

"దాన్ని ఇడిచిపెట్టి రావద్దు. అక్కడే ఎండలో పరవమను. ఆరిందాకా కూర్చో."

పరిచాం. గొర్రెలు మేతకు వెళ్లిపోయాయి. ఆ ఇంటామె నాకొక ముక్కాలిపీట తెచ్చి వేసింది. మధ్య మధ్యలో లేచి ఉన్నిని తిరగేస్తూ, ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.